మెదడుకు బస్తాలెన్ని?



కోతల రోజుల్లో మన రుద్రూరులో కొనుగోలు కేంద్రానికి వడ్లు ఎన్ని చేరాయో తెలియాలంటే ట్రాక్టర్లు లెక్కబెడితే చాలదు. ఒక్కోదాంట్లో బస్తాలెన్ని, దించకుండా తిరిగిపోయినవెన్ని అన్నది కూడా చూడాలి. మెదడుకు అందే ఆక్సిజన్ లెక్కా ఇంతే.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి 2 వంతులే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 వంతులు! నిమిషానికి ముప్పావు లీటరు రక్తం దానికి కావాలి.

ఈ లెక్క తీసేది ఎమ్మారై యంత్రం. రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఇనుముంది కదా. ఆక్సిజన్ మోస్తున్నంతసేపూ అది అయస్కాంతానికి లొంగదు, దించేశాక కొద్దిగా లొంగుతుంది. 1936లో అమెరికాలో లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ ఈ సంగతి కనిపెట్టారు. 1990లో సెయిజి ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు ఎలుకల మెదడులో దీన్ని ఎమ్మారైతో చూపించాడు. నిండు బండేదో, ఖాళీ బండేదో యంత్రం పోల్చుకోగలదన్నమాట. మెదడు నుంచి తిరిగివచ్చే పెద్ద సిరలో చూస్తే, ఆరోగ్యవంతులు మూడో వంతుకంటే కాస్త ఎక్కువ దించుకున్నట్టు కనిపిస్తుంది. ఇక వచ్చే రక్తమెంతో చూడటానికి, మెడ దగ్గర రక్తంలోని నీటికి రేడియో తరంగాలతో గుర్తుపెట్టి, రెండు సెకన్లాగి తలలో చూస్తారు. దీనికి సూదిమందు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే బండ్లు వస్తున్నాయి, బస్తాలే తక్కువ. అప్పుడు మెదడు ఇంకా ఎక్కువ బండ్లు పిలిపించుకుంటుంది. రక్తహీనత ఉన్నవాళ్ళ తలకు మామూలుకంటే ఎక్కువ రక్తం పారడం ఈ స్కానుల్లో కనిపించింది. ఆ అదనపు చాకిరీ ఎవరిది? గుండెది. మనమేమో నాట్లేసి వచ్చి కళ్ళు తిరిగితే, వేడి చేసిందని మజ్జిగ తాగి పడుకుంటాం. మజ్జిగ మంచిదే, కాని అది బస్తాలు నింపదు. దీనికి వేలకు వేలు పోసి స్కాను తీయించనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలిమీద చుక్క రక్తం చాలు. గర్భిణికి 11 గ్రాములు, మిగతావాళ్ళకు 12 గ్రాములకంటే తగ్గితే రక్తహీనతే. ఇనుము మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్ళూ మానకుండా వేసుకోవాలి. మాత్ర మింగి వెంటనే చాయ్ తాగకండి, ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

స్కాను నిజంగా అక్కరకొచ్చేది పక్షవాతంలో. నాళం పూడుకుపోతే కొంత మెదడు చచ్చిపోతుంది, దాని చుట్టూ ఉన్నది ఆకలితో ఇంకా బతికే ఉంటుంది. అది ఎంత మిగిలిందో ఎమ్మారై చూపగలదు. గడ్డ కరిగించే సూదికి మామూలుగా గడువు నాలుగున్నర గంటలే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుకు పరుగెత్తకండి, 108కి ఫోను చేయండి. అక్కడ ముందు సీటీ స్కాను తీస్తే పేచీ పెట్టకండి. తలలో రక్తం కారిందేమో అది త్వరగా తేలుస్తుంది.

ఎమ్మారై గదిలో మోత ఎక్కువ, చెవులకు దూది అడగండి. గుండెకు పేస్‌మేకరుంటే ముందే చెప్పాలి. మట్టెలు, గాజులు, జడపిన్నులు, చీర పిన్నీసు అన్నీ తీయమంటారు. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే కొంగులో దాచుకోకండి. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకోండి, దానితో అయస్కాంతానికి తగవు లేదు.