గంగమ్మ వేషం ఊరు దాటిన కథ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను సినిమా డైరెక్టరని పరిచయం చేశారు. నేను తీసింది 19 నిమిషాల లఘుచిత్రం. దానికి తలా కొంచెం వేసుకుని డబ్బులిచ్చింది ఈ సభలో ఉన్న మా బ్యాచ్ వాళ్లే. రూపాయల లెక్క వాళ్లకు ఎప్పుడో అప్పజెప్పాను. ఆ సినిమాను పట్టుకుని ఏడాదిన్నర ఫెస్టివళ్ల చుట్టూ తిరిగితే ఏం దొరికిందో, ఆ లెక్క ఈరోజు మీ అందరికీ చెబుతాను.

కథ మన ఊరిదే. తాతయ్యగుంట గంగమ్మ పాలెగాణ్ని వెతుక్కుంటూ వేసిన వేషాలను మనవాళ్లు ఏటా మే నెలలో జాతరకు వేస్తారు. దొర వేషం నాడు పాలెగాడు బయటికొస్తాడు, అమ్మ వాణ్ని చంపుతుంది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదారుస్తుంది. మా సినిమాలో ఒక ఆటో డ్రైవరు మొక్కు ప్రకారం ఏటా మాతంగి వేషం కడతాడు. ఆ ఏడు అతని చెల్లెలే భర్తను పోగొట్టుకుని పుట్టింటికొస్తుంది. ఊరందరి ముందు అమ్మగా నిలబడే మనిషికి సొంత చెల్లెలి ముందు నోరు పెగలదు. అంతే కథ. ఆ పాత్ర వేసింది నిజంగానే ఆటో నడిపే అన్న.

షూటింగు ఆరు రోజుల్లో అయిపోయింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. "యూట్యూబులో పెట్టేస్తే పోలా?" అని చాలామంది అడిగారు. తెలుగులో ఎక్కువ లఘుచిత్రాల దారి అదే, అందులో తప్పేమీ లేదు. కానీ ఇంటర్నెట్లో ముందే అందరికీ చూపించిన సినిమాను తీసుకోని ఫెస్టివళ్లు ఉన్నాయి. అందుకని తిరగడం అయ్యేదాకా దాచుకోవాలి. దరఖాస్తులు ఎక్కువగా ఫిల్మ్‌ఫ్రీవే లాంటి చోట్ల పెట్టాలి. ముందుగా పెడితే రుసుము తక్కువ, గడువు దగ్గరపడే కొద్దీ ఎక్కువ. బయటి దేశాల్లో చాలావాటికి 20 నుంచి 60 డాలర్ల దాకా అవుతుంది. సినిమాను తీసుకోకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

దరఖాస్తులో ఇంకో ప్రశ్న ఉంటుంది. ఇందులోని సంగీతం హక్కులన్నీ మీవేనా? మా సినిమాలో టీ అంగట్లో అన్నమయ్య కీర్తన వినబడే సీను ఒకటుంది. అన్నమయ్య 1503లో పోయారు కదా, ఇంకా హక్కులేంటి అనిపిస్తుంది. సాహిత్యానికి లేవు. కానీ ఈ కాలంలో వరస కట్టినవారికి, పాడినవారికి, రికార్డు చేసినవారికి ఉంటాయి. అందుకని ఆ పాట బదులు పంబ మోత పెట్టాం. మన సీమ పంబ అక్కడ ఇంకా బాగా కుదిరింది.

సబ్‌టైటిళ్లు మరో యుద్ధం. బండ వేషం వేసినవాడు బూతులు తిడితే మనం నవ్వుతూ పోతాం. ఆ తిట్లను ఇంగ్లీషులో రాస్తే చూసేవాళ్లు కొట్లాట అనుకుంటారు. తిట్టును తిట్టుగానే ఉంచి, తిట్టించుకున్న ముసలామె చేతులు జోడించే షాటును రెండు సెకన్లు పొడిగించాం. భాష చేయలేని పని ఆ రెండు సెకన్లు చేశాయి.

తెలుగు సినిమాలు ఈ దారిలో ఇంతకుముందూ నడిచాయి. రజనీష్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువులో భాగంగా తీసిన 'వనజ' 2006లో టొరంటోకు వెళ్లింది. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రంగా బహుమతి తెచ్చుకుంది. వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువగా ఆ పేట జనమే నటించారు. 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించాక, అదే ఏడు సెప్టెంబరులో మన థియేటర్లకు వచ్చింది. దీపక్ రెడ్డి లఘుచిత్రం 'మనసానమః' 513 అవార్డులతో గిన్నిస్ రికార్డు కెక్కింది. ఒకరికి గుర్తింపు, ఒకరికి థియేటరు, ఒకరికి రికార్డు. ఫెస్టివల్ అన్నది ఒకటే మాటైనా, అందరికీ ఇచ్చేది ఒకటి కాదు. మనకేం కావాలో మనమే ముందు తేల్చుకోవాలి.

మాకూ ఆ ఘడియ వచ్చింది. 23 చోట్లకు పంపితే నాలుగు చోట్ల తీసుకున్నారు. చేతిలో కొంచెం డబ్బు మిగిలింది. ఆ రోజుల్లోనే "మీకు అవార్డు వచ్చింది, ట్రోఫీకి రుసుము కట్టండి" అని మెయిళ్లు మొదలయ్యాయి. పోస్టరు మీద ఆకుల దండలు నాలుగు పెరుగుతాయి కదా అన్నారు మావాళ్లు కొందరు. ఇంకొందరు మరో పది చోట్లకు పంపుదాం అన్నారు. గట్టిగానే వాదించుకున్నాం. చివరికి ఆ డబ్బుతో ఆటో అన్నను రైలెక్కించి, మన సినిమా వేస్తున్న కేరళ ఫెస్టివల్‌కు తీసుకుపోయాం.

హాల్లో రెండొందల మంది ఉంటారు. ఒక్కరికీ తెలుగు రాదు. బండ వేషం దగ్గర నవ్వారు, చెల్లెలి దగ్గర నిశ్శబ్దమైపోయారు. సినిమా అయ్యాక ఒక పెద్దావిడ లేచి అడిగింది. "చంపిన దేవతే వచ్చి ఓదారుస్తుందన్నారు. ఆమె వెళ్లిపోయాక ఆ పాలెగాడి భార్య గతేంటి?"

నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచి జాతర చూస్తున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. అన్న మైకు తీసుకున్నాడు. "ఓదార్చేదానికి మాటలుండవు తల్లీ. వాళ్ల గడపకాడికి పోయి నిలబడాల. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. మనం పారిపోకుండా నిలబడాల, అంతే. మళ్లీ ఏడు మళ్లీ పోతాం గదా" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అవార్డు రాలేదు. కానీ మన వీధి వేషానికి అంత దూరాన ఒక మనిషి ఒక ప్రశ్న జోడించింది, మన వీధి మనిషి జవాబిచ్చాడు. ఫెస్టివల్ అంటే నా లెక్కలో అదే. పరాయివాళ్లు చీకట్లో కూర్చుని, ఫోను పక్కన పెట్టి, మన మనిషిని 19 నిమిషాలు వింటారు. యూట్యూబులో లక్ష మంది చూసినా, అలా ఎదురుగా లేచి అడిగే మనిషి దొరకదు.

అలాంటి హాలు కోసం మన పిల్లలు కేరళ దాకా పోవాల్సిన పని లేదు. ఇప్పుడు బడిలో చదివే పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్ల ఇళ్లల్లో కథలున్నాయి. ఏడాదికి ఒక సాయంత్రం ఈ హాల్లోనే వాళ్ల లఘుచిత్రాలు వేద్దాం. బహుమతులు వద్దు. ప్రతి సినిమా తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు అడుగుదాం, తీసిన పిల్లలు జవాబు చెబుతారు. ప్రొజెక్టరు తెచ్చే పూచీ నాది. ఈ కిటికీలకు నల్ల కర్టెన్లు కావాలి, మొత్తం పద్నాలుగు. ఎవరు ఎన్ని ఇస్తారో సభ అయ్యాక చెప్పండి, రాసుకుంటాను.

సెలవు.