పేగు లోపలి పొర, మనం తాగే నీళ్ళు
(మర్రిగూడలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



జీవశాస్త్రం చెప్పిన ఒక సారు పేరు మీద పెట్టిన ఉపన్యాసం ఇది. పాఠం పుస్తకంలోనే ఉండిపోకూడదు, ఇంట్లో నీళ్ళ బిందె దాకా రావాలని ఆయన పట్టు. అందుకే పేగు గురించి, నీళ్ళ గురించి కలిపి మాట్లాడదలిచాను.

మర్రిగూడ అనగానే బయటివాళ్ళకు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. వంగిన నడుములు, వంకరపోయిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ. హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అప్పటి నుంచి మన జిల్లా ఎముకల ఎక్స్‌రేలను ప్రపంచం చూస్తూనే ఉంది. కానీ నీళ్ళు ఎముకను చేరేది చివర్లో. ముందు తాకేది కడుపును, పేగును. నీటి వల్ల మొదట దెబ్బతినేది పేగు పొర, మంచి నీళ్ళు అందితే మొదట కోలుకునేదీ అదే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే.

సూక్ష్మదర్శిని కింద

ఆహారవాహిక నుంచి మలద్వారం దాకా ఉన్న జీర్ణనాళం గోడలో నాలుగు పొరలుంటాయి. అన్నిటికంటే లోపల శ్లేష్మపొర, దాని వెనక రక్తనాళాలు, నరాలు ఉండే అధశ్లేష్మపొర, ఆ వెనక కండరపొర, బయట పలుచని కప్పు. ఈ అమరిక మొత్తం నాళానికి ఒకటే. లోపలి పొర మాత్రం చోటును బట్టి, చేసే పనిని బట్టి మారుతుంది. గట్టి ముద్దలు దిగే ఆహారవాహికలో బల్లపరుపు కణాలు ఎన్నో వరుసలుగా పేర్చి ఉంటాయి. జీర్ణాశయంలో ఆమ్లం వదిలే గ్రంథులుంటాయి. మనం మింగే సూక్ష్మజీవుల్లో చాలా మట్టుకు ఆ ఆమ్లంలోనే చస్తాయి.

ఇక చిన్నపేగు. మైనంలో పోతపోసిన పేగు ముక్కను నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి, రెండు రంగులద్ది గాజుపలక మీద పెడతాం. తక్కువ పవర్‌లో చూస్తే గులాబీరంగు వేళ్ళలాంటివి వరుసగా నిలబడి కనిపిస్తాయి. అవే ఆంత్రచూషకాలు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పొడవుంటుంది. పవర్ పెంచితే ప్రతి చూషకం అంచునా పొడవాటి కణాలు ఒకే ఒక్క వరుసలో, అడుగున ఊదారంగు కేంద్రకాలతో నిలబడి ఉంటాయి. మధ్యమధ్య ఖాళీగా ఉన్నట్టు కనిపించేవి జిగురు తయారుచేసే గాబ్లెట్ కణాలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం తలమీద సుమారు మూడు వేల సూక్ష్మచూషకాలు కనబడతాయి.

పిల్లలూ, ఆ ఒక్క వరుసను గుర్తుపెట్టుకోండి. తిన్న అన్నం, తాగిన నీళ్ళు ఒకవైపు. మన రక్తం ఇంకోవైపు. నడుమ ఉన్నది ఒక్క కణం మందం. జీర్ణనాళం లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాలు రాశాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ కొలిచి సుమారు 32 చదరపు మీటర్లని తేల్చారు. ఆ మేరకంతా కాపలా కాసేది ఈ పలుచని వరుసే. అందుకే అది పాతబడకుండా చూసుకుంటుంది. చూషకాల మొదట్లో ఉన్న గుంటల్లో కొత్త కణాలు పుట్టి, పైకి జరుగుతూ కొసకు చేరి రాలిపోతాయి. మూడు నుంచి ఐదు రోజుల్లో పొరంతా కొత్తదవుతుంది.

బ్యాక్టీరియా ఏం చేస్తుంది?

బ్యాక్టీరియా అనగానే శత్రువు అనుకోవద్దు. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని అంచనా. అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే, జిగురు పొరకు అవతల, మనకు మేలు చేస్తూ బతుకుతుంది. జబ్బు తెచ్చేవి వేరు. అవి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వస్తాయి.

మన పెద్దలు గత్తర అని భయపడిన కలరానే తీసుకోండి. రోగి గంటకు లీటరు దాకా నీళ్ళు పోగొట్టుకోవచ్చు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసిన ఈ రోగంలో పేగు పొర ఊడిపోతుందని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1959లో బ్యాంకాక్‌లో కలరా వచ్చినప్పుడు యూజీన్ గాంగరోసా, ఆయన తోటివారు బతికున్న రోగుల పేగు నుంచే చిన్న ముక్కలు తీసి చూశారు. పొర చెక్కుచెదరలేదు. అదే ఏడాది కోల్‌కతాలో శంభునాథ్ డే, బ్యాక్టీరియా లేకుండా వడకట్టిన ద్రవం ఒక్కటే కుందేలు పేగులోకి నీళ్ళు ఊరేలా చేస్తుందని చూపారు. అంటే కలరా క్రిమి గోడను కూల్చదు. విషం వదిలి, కణాల చేత ఉప్పునూ నీళ్ళనూ బయటికి తోడిస్తుంది.

పొర చెదరలేదంటే, చక్కెరను ఉప్పుతో కలిపి లోపలికి లాగే ఏర్పాటు కూడా చెదరలేదన్నమాట. ఉప్పు, చక్కెర కలిపి తాగించే ఓఆర్‌ఎస్ ద్రావణానికి ఆధారం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిన బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, చక్కెర నీళ్ళు కలిపించి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. సూక్ష్మదర్శిని కింద కనబడిన ఒక నిజం లక్షల ప్రాణాలు నిలబెట్టింది.

షిగెల్లా అనే క్రిమి తీరు వేరు. జబ్బు తేవడానికి పదుల సంఖ్యలో క్రిములు చాలు. పెద్దపేగు కణాల్లోకి చొరబడి, ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతూ పుండ్లు చేస్తాయి. అందుకే జిగురు, రక్తం పడతాయి. టైఫాయిడ్ క్రిమి ఇంకా లోతుకు పోతుంది. చిన్నపేగు చివర రోగనిరోధక కణాల గుంపులైన పేయర్ ఫలకాలుంటాయి. పేగులోని క్రిముల జాడ పట్టే ద్వారాలు అక్కడున్నాయి. టైఫాయిడ్ క్రిమి ఆ ద్వారాల గుండానే లోపలికి పోతుంది. నిర్లక్ష్యం చేస్తే మూడో వారంలో అక్కడి పుండు పేగును చిల్లు పొడుస్తుంది. ఈ జబ్బుకు మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కాంజుగేట్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది.

పేగు పొరనే దెబ్బతీసే మరో జబ్బు ఉష్ణమండల స్ప్రూ. అందులో చూషకాలు పొట్టిబడి పోషకాలు ఒంటబట్టవు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులు ఆ జబ్బుతోనే రోజుల తేడాలో పోయారు. ఆయనా దాని బారిన పడి బయటపడ్డారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం, తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఉష్ణమండల స్ప్రూకు ఈనాటికీ ఇచ్చే చికిత్స ఆ రెండు రకాల మందులే.

మన నీళ్ళు, మన పేగు

ఇప్పుడు మన మండలానికి వద్దాం. ఫ్లోరైడ్ నీళ్ళు జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది పొరను తేలిగ్గా దాటుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎ. కె. సుశీల బృందం, ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న రోగుల జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించింది. 1996లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం సూక్ష్మచూషకాలు రాలిపోయాయి. ఎండాకాలం చెరువు అడుగు మట్టిలాగ పొర బీటలు వారి కనబడింది. కడుపు నొప్పి, ఉబ్బరం, వికారం, మలబద్ధకం, లేదంటే మోషన్లు. ఇవి ఫ్లోరైడ్ ఊళ్ళల్లో మామూలే అనుకొని మాత్ర మింగి ఊరుకున్న తరాలున్నాయి. నీళ్ళు మార్చితే ఈ బాధలు కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. వంగిన ఎముక మళ్ళీ నిటారు కాదు. పేగు పొరకు మాత్రం తిరిగి మొలిచే శక్తి ఉంది. కనుక ఫ్లోరైడ్ ప్రాంతంలో తగ్గని కడుపు నొప్పి ఉందంటే, గ్యాస్ మాత్ర కంటే ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. ఫ్లోరైడ్, బ్యాక్టీరియా రెండూ నీళ్ళల్లోనే వస్తాయి గాని, రెండింటి విరుగుడు ఒకటి కాదు. నీళ్ళు మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. లోతు బోరు నీళ్ళల్లో క్రిములు తక్కువ ఉండవచ్చు, ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. మన జిల్లా పేరుతో ఆఫ్రికా దాకా పోయిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం ఫ్లోరైడ్‌ను కిందికి దించితే, బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది. రెండు పనులకు రెండు వస్తువులు అవసరమని ఆ పద్ధతే చెబుతోంది.

ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఫ్లోరైడ్ మీద ఏళ్ళ తరబడి పోరాడి సాధించుకున్న నీళ్ళు అవి. అయితే నది నీటికి వేరే తీరు కాపలా కావాలి. పైపు పగిలిన చోట మురికి కాలువ ఉంటే, ట్యాంకు కడగకపోతే, నల్లా గుంట నిండి ఉంటే, క్రిములు ఆ దారినే ఇంట్లోకి వస్తాయి. నల్లా దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం. ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు లేనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. ఈ అంకెలు ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.

చివరగా నా విన్నపాలు. పిల్లకు వాంతులు విరేచనాలు మొదలైతే సూది కోసం పరుగెత్తేముందు ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళల్లో ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. తల్లిపాలు, అన్నం ఆపవద్దు. డాక్టరు చెప్పినట్టు జింకు మాత్రలు 10 నుంచి 14 రోజులు వేయండి. నీళ్ళ విరేచనాలకు మీకు మీరే యాంటీబయాటిక్ కొనవద్దు. రక్తం పడినా, జ్వరం విడవకపోయినా, పిల్ల నీరసించి నీళ్ళు తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. పాయఖానాకు పోయి వచ్చాక, అన్నం కలిపేముందు సబ్బుతో చేతులు కడగండి. బిందె మీద మూత పెట్టండి, కాడ ఉన్న గరిటెతో ముంచండి.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. బడికి ఒక మైక్రోస్కోపు, క్లోరిన్, ఫ్లోరైడ్ చూసే కిట్లు తెప్పించండి. ఊరి నల్లా నీళ్ళను నెలనెలా పిల్లల చేతనే పరీక్ష చేయించి, ఫలితాలు గ్రామసభలో చదివించండి. సారు పేరు మీద మనం చేయగల మంచి పని ఇదే. దాన్ని ఈ ఏడే మొదలుపెట్టాలని మిమ్మల్నందరినీ వేడుకుంటున్నాను.