నడువని పిల్లలతో కొండయాత్ర

సెలవులు వచ్చినంతనే పట్టణములందున్న కొడుకులును కోడండ్రును బిడ్డలతో ఊరికి వత్తురు. వచ్చిన నాలుగు దినములకే "ఎక్కడికైన చల్లని కొండమీదికి పోయి వత్తము" అన్న మాట పుట్టును. వ్యయము వారిదే యైనను, ఎప్పుడు బయలుదేరవలెను, ఎవరు పోవలెను, ఎవరు ఇంట నుండవలెను అను నిర్ణయము పెద్దల యెదుటికే వచ్చుచున్నది. కావున ఈ విషయమును గూర్చి నాకు తోచిన కొన్ని మాటలు మీకు విన్నవించుకొందును.

"మా పిల్లలు నడువరు. రెండు ఫర్లాంగులు పోవునంతలో ఎత్తుకొమ్మందురు. వారిని కొండకెట్లు కొనిపోవుట?" అని తల్లులు అడుగుచుందురు. ఈ మాటలో సగమే నిజము. ఆ పిల్లలే ప్రొద్దున లేచినది మొదలు దీపములు పెట్టువేళ దాక పెరటిలో పరుగులెత్తుదురు. వారి కాళ్లలో బలము లేకపోలేదు. దూరముననున్న శిఖరమును మనస్సున నిలుపుకొని, దానిని చేరుటయే ఫలమని నడచుట పెద్దల సంతోషము. పిల్లవానికి చేతికందునదే లోకము. ఒక గులకరాయి, ఒక చీమలబారు, బండమీద ప్రాకు నీరు వానికి చాలును. వానిని అచ్చట నిలువనీయక "పద, పద" అని తొందరపెట్టిన క్షణముననే వాని కాళ్లు నొప్పిపుట్టును.

తిరుపతి వెళ్లు పిల్లలు అలిపిరి దారిని 3,550 మెట్లు ఎక్కుట లేదా యని మీరడుగవచ్చును. నిజమే, ఎక్కుచున్నారు. అచ్చట వెనుకను ముందును జనము, నోట గోవిందనామము, తండ్రి మ్రొక్కు వానిని నడిపించును. మ్రొక్కు వేఱు, విహారము వేఱు. విహారమున బలవంతముగా ఎక్కింపబడిన పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట కొండ యన్న మాటకే మొగము త్రిప్పుకొనును. ఇది చిన్న నష్టము గాదు. కావున నేను చెప్పదలచిన దొక్కటే: పిల్లలతోడి ప్రయాణమున చేరుటకు గాక, ఆగుటకు ఏర్పాటు చేసికొనవలెను.

మన యాంధ్రదేశమున ఇందుకు అరకులోయ కంటె అనువైన చోటు అరుదు. అది సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. విశాఖపట్టణమునుండి రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. అయినను ఎక్కునప్పుడు రైలునే నమ్ముకొనుడని నా సలహా. బైలడిల్లా యినుపరాతిని ఓడరేవునకు దెచ్చుటకై 1960 దశకమున వేసిన కిరండూల్ మార్గమిది. దారి మొత్తము మీద 50కి పైగా సొరంగములు గలవు. చీకటి రాగానే పెట్టెలోని పిల్లలందఱును కేకలు వేయుదురు, వెలుగు రాగానే నవ్వుదురు. నాలుగు గంటలసేపు కొండయే కిటికీయొద్దకు వచ్చి పోవుచుండును. 2017 నుండి ఈ మార్గమున అద్దాల పెట్టెను గూడ నడుపుచున్నారు. దానిలో చోటు త్వరగా నిండిపోవును గనుక ముందుగా టిక్కెట్టు కొనుట మంచిది.

మోటారులో మలుపులు తిరుగునప్పుడు పిల్లలకు వాంతులగుట మీరెఱిగినదే. చెవిలోపలి భాగము కదలికను తెలిసికొనుచుండగా, ఒడిలోని బొమ్మను గాని ఫోనును గాని చూచుచున్న కన్ను అంతయు నిశ్చలముగా నున్నదని చెప్పును. ఆ తగవే వికారమునకు మూలము. కావున పిల్లవానిని దూరముననున్న చెట్లను చూడుమనవలెను. కడుపు నిండ పెట్టి బయలుదేరదీయరాదు. ఖాళీ కడుపును మంచిది కాదు. రెండు ఇడ్డెనలు చాలును.

ఇక దినముల ఏర్పాటు. మూడు దినములకు ఒక్కటే బస యుండవలెను. మూటలు కట్టుట, విప్పుట పిల్లలకును ముసలివారికిని నడకకన్న ఎక్కువ శ్రమ. మొదటిదినము రైలు దిగి, తిని, నిద్రించి, సాయంకాలము గిరిజన ప్రదర్శనశాలను చూచినచో చాలును. రెండవదినమున ఉదయము పద్మాపురము తోట. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై పెట్టిన తోట యిది. నేడచ్చట పిల్లల రైలొకటి తిరుగుచున్నది. పగటి భోజనము తరువాత విశ్రాంతి. పిమ్మట చాపరాయి. అచ్చట వాగు వెడల్పైన బండలమీద పలుచగా పాఱును. మా మనుమడు తోటలోని రైలెక్కి ఒక్క చుట్టుతో తృప్తిపడెను గాని, ఆ వాగుగట్టున గులకరాళ్లు పేర్చుచు రెండు గంటలైనను లేవడయ్యెను. మేమును లేపలేదు. ఆ దినమున చూడదలచిన మఱియొక చోటు చూడకయే తిరిగి వచ్చితిమి. అందువలన ఎవరికిని ఏ కొఱతయు కలుగలేదు.

మూడవదినమున రోడ్డున దిగివచ్చుచు గాలికొండయొద్ద కొంతసేపు నిలిచి లోయను చూడవచ్చును. అనంతగిరి చుట్టుపట్ల కాఫీతోటలు గలవు. పొడుగైన చెట్లనీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకే ప్రాకిన మిరియపుతీగలు. రోడ్డు ప్రక్కనే వీనిని చూపవచ్చును. బొఱ్ఱా గుహలలో మెట్లు చాలగలవు. దిగుట సులభము, మరల ఎక్కుట కష్టము. శక్తియున్నవారు పోవలెను, తక్కినవారు ద్వారమునొద్ద కూర్చుండవలెను. పైకప్పునుండి జాఱు నీటిబొట్టు విడిచిన సున్నమే వేలయేండ్లకు రాతి ఊడలుగా పెరిగినదని పిల్లలకు చెప్పినచో, వారు ఒక్క బొట్టు పడువఱకు కదలక నిలిచి చూతురు.

కార్తీకము మొదలు మాఘము దాక మంచి కాలము. ఆ దినములలో వలిసెపూలు విరిసి పొలములన్నియు పసుపుపచ్చగా నుండును. అది యెవరో రైతు నూనెగింజల పంటయని పిల్లలకు ముందే చెప్పుడు. అనుమతి లేక చేలోనికి దిగి త్రొక్కరాదు. మన చేలో పరులు దిగిన మనమూరకుందుమా? వానకాలమున కొండచరియలు విఱిగి దారులు మూతపడుట కలదు. అప్పుడు పోకుండుటయే మేలు.

వేయి మీటర్లు ఎక్కినచో వేడిమి ఆఱేడు డిగ్రీలు తగ్గును. శీతకాలపు రాత్రులు మఱింత చల్లన. ఇందొక సూక్ష్మము గలదు. నడచువానికి ఒడలు వెచ్చబడును. చంకనున్న బిడ్డకు వెచ్చబడదు. తండ్రికి చెమటపట్టినదని బిడ్డ ఉన్నిచొక్కాయి విప్పరాదు. మన్యమున మలేరియా భయము పూర్తిగా తొలగలేదు కావున దోమతెర మఱువరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది నీటిభయము. పాచిపట్టిన బండ చూచుటకు పొడిగా కనబడుచునే కాలు జాఱ్చును. పైకొండలలో వాన కురిసిన, ఇచ్చట ఎండ కాయుచుండగనే వాగు పొంగును. పిల్లలు నీటియొద్ద నున్నంతసేపు వారిని చూచుటయే పనిగా ఒక పెద్దవాడు, చేత ఫోను లేక, నిలిచి యుండవలెను. ఆ పని ఎవరిదో బయలుదేరకమునుపే పేరుపెట్టి నిర్ణయింపుడు. అందఱు చూతురనుకొన్న బిడ్డను ఎవరును చూడరు.

ఈ విధముగా ఆలోచించినచో మఱియొక సంగతి మనకు బోధపడును. మెల్లగా పోవుట, తఱచుగా ఆగుట, పగలు నిద్రించుట, ఒకే బసనుండుట అనునవి ఆఱేండ్ల బిడ్డకెంత యవసరమో అఱువదియేండ్లు దాటిన మోకాళ్లకును అంతే యవసరము. పిల్లల కొఱకు వేసిన ప్రణాళికలో తాతకును అవ్వకును చోటు దానంతట అదే ఏర్పడును. "మీరు నడువలేరు, ఇంట నుండుడు" అని యిక చెప్పనక్కఱలేదు. శిఖరములకు పోవు యువకులు ఒక పూట పోయి రావచ్చును. ఆ పూట వాగుగట్టున మనుమనితో రాళ్లు పేర్చువారము మనమే యగుదుము. కావున ఈ మాఱు ఇంట ఆ మాట పుట్టినప్పుడు, కాపలాకు నేనుందునని ముందే చెప్పివేయకుడు. మీ దుప్పటి గూడ మూటలో పెట్టుమని చెప్పుడు.