అలిపిరిలో అడగని ప్రశ్న
(తిరుపతిలో ఒక న్యాయవాది స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతున్నదో ఆయన తన జీవితమంతా ఈ ఊరి కోర్టుల్లోనే గడిపారు. కొత్తగా చేరిన జూనియర్ల చేతికి ఆయన ముందు హత్య కేసులు ఇచ్చేవారు కాదు, ఘాట్ రోడ్డు ప్రమాదాల కాగితాలు ఇచ్చేవారు. బస్సు లోయలో పడితే పోలీసులు డ్రైవరు మీద కేసు కడతారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసి ఒక రిపోర్టు రాస్తాడు. ఆ మలుపు ఎలా ఉంది, పిట్టగోడ ఎంత ఎత్తుంది, ఇంతకుముందు అక్కడే ఎన్ని బండ్లు పడ్డాయి అనే మూడో రిపోర్టు మాత్రం చాలా కేసుల్లో ఉండదు. ఆయన దానికోసమే పట్టుబట్టేవారు. డ్రైవరు జైలుకు పోయినా పోకపోయినా రేపు పొద్దున ఇంకో బస్సు అదే మలుపు తిరగాలి కదా అనేవారు.

ఉగ్రవాద దాడుల విషయంలోనూ మన దేశంలో కొరవడినది ఆ మూడో రిపోర్టే. ఎవరు చేశారన్నది దర్యాప్తు. చేయగలిగే వీలు వాళ్లకు ఎలా దొరికిందన్నది విచారణ. ఈ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు చేతులతో జరగాల్సిన పనులు. మనం మొదటిదానితో సరిపెట్టుకుంటున్నాం. ఈ మాట చెప్పడానికి ఢిల్లీ, ముంబై దాకా పోనక్కర లేదు. ఇక్కడినుంచి ఆటో ఎక్కితే కొద్ది నిమిషాల్లో చేరే అలిపిరి చాలు.

2003 అక్టోబరు 1. తిరుమలలో బ్రహ్మోత్సవాలు. ప్రభుత్వం తరఫున స్వామివారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారు కొండకు బయలుదేరారు. అలిపిరి దగ్గర ఘాట్ రోడ్డు పక్కన పీపుల్స్‌వార్ నక్సలైట్లు పెట్టిన క్లేమోర్ మైన్లు పేలాయి. పెట్టినవన్నీ పేలలేదు. కారు బుల్లెట్‌ప్రూఫ్ కారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. వెంట ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి గారు, శాసనసభ్యులు చదలవాడ కృష్ణమూర్తి గారు, రెడ్డివారి రాజశేఖరరెడ్డి గారు కూడా గాయపడ్డారు.

ప్రత్యేక దర్యాప్తు బృందం పనిచేసింది. చార్జిషీటు పడింది. 2014 సెప్టెంబరులో తిరుపతి కోర్టు ముగ్గురికి నాలుగేళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీళ్ల సంగతి అటుంచండి, మొదటి తీర్పుకే దాదాపు పదకొండేళ్లు పట్టింది. ఆలస్యం మీద నా ఫిర్యాదు ఇవాళ్టికి లేదు. నేరం రుజువైందా లేదా అని తేల్చడం కోర్టు పని, అది చేసింది. అంతకు మించి అడగడం దాని పని కాదు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. పట్టువస్త్రాల సమర్పణ రహస్య కార్యక్రమం కాదు, ఏటా జరిగేదే. బండ్లు కొండెక్కే దారి ఒక్కటే. యాత్రికులు, దేవస్థానం సిబ్బంది, పోలీసులు రాత్రింబవళ్లు తిరిగే చోటు అది. అక్కడ రోడ్డు పక్కన మైన్లు పెట్టి, తీగలు లాగి, మనిషి మాటు వేసేంత తీరిక వాళ్లకు ఎలా దొరికింది? ఆ దారిని చివరిసారి ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారు? ముందస్తు హెచ్చరికలు ఏమైనా వచ్చాయా, వచ్చి ఉంటే ఏ మేజా మీద ఆగాయి? అడవి అటవీశాఖది, కొండ దేవస్థానానిది, బందోబస్తు పోలీసులది. ముగ్గురి హద్దులూ కలిసే చోట బాధ్యత ఎవరిది? అలిపిరి గురించి మన ఊరివాళ్లకు తెలిసినదంతా పత్రికల్లోంచీ కోర్టు హాల్లోంచీ వచ్చిందే. ఈ ప్రశ్నలకు అక్కడ జవాబులు దొరకవు.

దాడి జరిగిన మరుసటి నెల, నవంబరులోనే శాసనసభ రద్దయింది. ఊళ్లో టీ కొట్ల దగ్గర చర్చ అంతా సానుభూతి ఓట్లు పడతాయా పడవా అనే. 2004లో ప్రభుత్వం మారింది. ఆ అక్టోబరులో, అంటే దాడి జరిగిన ఏడాదికి, కొత్త ప్రభుత్వం అదే నక్సలైట్ పార్టీతో హైదరాబాదులో చర్చలకు కూర్చుంది. చర్చలు తప్పని నేననను. మధ్యవర్తిగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివారు ఆ బల్లను సిద్ధం చేయడానికి ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. నివారణ అంటే తుపాకులే కావని వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నా బాధల్లా ఒక్కటే. ఎన్నికలూ చర్చలూ చర్చల వైఫల్యమూ వచ్చి పడ్డ ఆ రెండేళ్లలో అలిపిరిలో జరిగిన లోపం ఎవరికీ పట్టని విషయమైపోయింది.

ఇలాంటి విచారణ మనకు చేతకాదా అంటే, చేతనవుతుంది. ఒకసారి చేశాం కూడా. చిత్తూరు నుంచి మద్రాసు పోయే బస్సు శ్రీపెరంబుదూరు మీదుగా పోతుంది. 1991 మే 21న విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు చేరిన రాజీవ్ గాంధీ గారు ఆ రాత్రి శ్రీపెరంబుదూరులోనే హతులయ్యారు. ఆ ఒక్క హత్య మీద మూడు పనులు సాగాయి. నేరం దర్యాప్తు డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వంలో సీబీఐ ప్రత్యేక బృందం చేసింది. భద్రతలో లోపాలెక్కడ అని జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ చూసింది. కుట్ర వెనక ఎవరున్నారని జస్టిస్ మిలాప్‌చంద్ జైన్ కమిషన్ చూసింది.

వర్మ కమిషన్ దాదాపు ఏడాదిలో పని ముగించి 1992లో నివేదిక ఇచ్చింది. దానికి అప్పగించిన ప్రశ్న చిన్నది, తేల్చగలిగినది. 1988 నాటి ఎస్పీజీ (ప్రత్యేక రక్షణ దళం) చట్టం ప్రధానికే రక్షణ ఇచ్చేది, పదవి దిగినవారికి కాదు. రాజీవ్ గారు పదవి దిగాక ఆ రక్షణ తీసేసినప్పుడు దానికి దీటైన ఇంకో ఏర్పాటు చేయలేదని కమిషన్ తేల్చింది. ఇంటెలిజెన్స్ బ్యూరోనూ, తమిళనాడు పోలీసులనూ, కడకు సభ నిర్వహించిన సొంత పార్టీవారినీ తప్పుపట్టింది. ఎవరినీ వదల్లేదు, ఎవరినీ ఉరితీయమనీ అనలేదు.

జైన్ కమిషన్ దారి వేరు. దాని మధ్యంతర నివేదిక 1997లో వచ్చింది. అందులోని మాటలు బయటికి పొక్కాయి, డీఎంకేను ప్రభుత్వంలోంచి తప్పించాలని కాంగ్రెస్ పట్టుబట్టింది, ఆ నవంబరు ఆఖరుకు గుజ్రాల్ ప్రభుత్వం పడిపోయింది. తుది నివేదిక 1998 మార్చిలో వచ్చింది. కుట్రలో మిగిలిన కొసలు చూడమని ఆ ఏడాదే సీబీఐ కింద ఇంకో సంస్థను పెట్టారు, అది ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. రెండు కమిషన్లనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచేది ఇది. విచారణకు 'ఎవరు' అనే ప్రశ్న అప్పగిస్తే అది పోలీసుస్టేషన్ పనీ రాజకీయ పార్టీ పనీ కలగలిపి చేస్తుంది. 'ఎలా' అనే ప్రశ్న అప్పగిస్తే తన పని తాను చేసుకుపోతుంది.

మన చట్టం కూడా ఇందుకు అనువుగానే ఉంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్‌కు సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలుంటాయి. అక్కడ చెప్పిన మాటను, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప, చెప్పినవాడి మీద వాడరాదని ఆరో సెక్షను చెబుతుంది. ఇది ఎంత విలువైనదో పోలీసుశాఖలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. ఉద్యోగం పోతుందనే భయమున్న హెడ్ కానిస్టేబుల్ నిజం చెప్పడు. నివేదిక అందిన ఆరు నెలల్లో, దాని మీద తీసుకున్న చర్యల వివరంతో సహా, చట్టసభ ముందు పెట్టాలని మూడో సెక్షను చెబుతుంది. ఇందిరాగాంధీ గారి హత్య మీద జస్టిస్ ఠక్కర్ ఇచ్చిన నివేదికను దాచడానికి 1986లో ఈ చట్టాన్నే సవరించారు. పత్రికలో అది బయటపడ్డాక 1989లో పార్లమెంటు ముందు పెట్టక తప్పలేదు. ఆ సవరణను తర్వాతి ఏడాది ఎత్తేశారు. చట్టం మళ్లీ నిటారుగానే నిలబడింది, వాడుకునేవాళ్లే కరువు.

హైదరాబాదు మక్కా మసీదు సంగతి ఇంకా చేదు. 2007 మే 18న పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. జస్టిస్ భాస్కరరావు కమిషన్‌ను వేసింది కాల్పుల మీద. పేలుడు దర్యాప్తు పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడినుంచి ఎన్ఐఏకి పోయింది. మొదట పట్టుకుని హింసించిన కుర్రాళ్లు నిర్దోషులని తేలారు. ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇచ్చింది, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రెండోసారి పట్టుకున్నవాళ్లను 2018 ఏప్రిల్‌లో కోర్టు వదిలేసింది. ఎవరు చేశారో తేలలేదు, ఎలా చేయగలిగారో అడగలేదు. తప్పుడు అరెస్టు ఎంత అన్యాయమో అంత ప్రమాదం కూడా. అసలువాడు ఆ వేళ హాయిగా తిరుగుతుంటాడు.

ఇక మన జిల్లాకు వద్దాం. 2013 అక్టోబరు 5. పుత్తూరు, మేదర వీధి. ఎముక విరిగితే కట్టుకోసం మూడు రాష్ట్రాలవాళ్లు వచ్చే ఊరది. అక్కడ ఒక అద్దె ఇంట్లో తమిళనాడు పోలీసులు వెతుకుతున్నవాళ్లు దాక్కున్నారు. 2011లో మదురై దగ్గర అద్వానీ గారి యాత్ర దారిలో పైపుబాంబు పెట్టిన కేసులోనూ, వేలూరు, సేలం హత్య కేసుల్లోనూ నిందితులు. ముందురోజు మద్రాసులో దొరికిన సహచరుడి ద్వారా ఆచూకీ తెలిసింది. ఒకవైపు సమైక్యాంధ్ర బంద్, ఇంకోవైపు అదేరోజు కొండమీద బ్రహ్మోత్సవాల మొదలు. అంత ఒత్తిడిలోనూ రెండు రాష్ట్రాల పోలీసులు, మన ఉగ్రవాద నిరోధక ఆక్టోపస్ దళం గంటల తరబడి ఇంటిని చుట్టుముట్టి, లోపలున్న ఆడమనిషినీ పిల్లలనూ క్షేమంగా బయటికి తెచ్చి, ఇద్దరిని ప్రాణాలతో పట్టుకున్నారు. ఒక తమిళనాడు ఇన్‌స్పెక్టరు గాయపడ్డారు. మద్రాసు సమాచారం ఒక్క రాత్రిలో సరిహద్దు దాటి పనికొచ్చింది. విజయాన్నీ విచారించాలి. ఎందుకు కుదిరిందో రాసిపెట్టకపోతే అది ఇద్దరు అధికారుల స్నేహం మీద నడిచిన పనిగానే మిగులుతుంది, వాళ్లు బదిలీ అయితే పోతుంది.

అలా పోతే ఏమవుతుందో చిత్తూరు చూసింది. 2016 ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో బాంబు పేలింది. జూన్‌లో కొల్లం, ఆగస్టులో మైసూరు, సెప్టెంబరులో నెల్లూరు, నవంబరు 1న మలప్పురం. అన్నీ కోర్టుల్లోనో కలెక్టరేట్లలోనో. అన్నీ చిన్న బాంబులే. నవంబరు ఆఖరున ఎన్ఐఏ మదురైలో నిందితులను పట్టుకుంది. మైసూరు కేసులో 2021లో, కొల్లం కేసులో 2024లో శిక్షలు పడ్డాయి. పేలుళ్లు మూడు రాష్ట్రాల్లో, అరెస్టులు నాలుగో రాష్ట్రంలో. చిత్తూరు ఫైలును కొల్లంలో ఎవరైనా చదివారా? కొల్లం తర్వాత నెల్లూరు కోర్టు గేటు దగ్గర ఏమైనా మార్పు జరిగిందా? ఎవరూ చనిపోలేదు కాబట్టి ఈ ప్రశ్నలకు విలువ తగ్గిందనుకోవడం పొరపాటు. విచారణకు ఇంతకంటే మంచి కేసు దొరకదు. ప్రాణనష్టం లేదు కనుక ఆవేశాలు తక్కువ, పాఠాలు ఎక్కువ.

బయటి ప్రపంచం నుంచి ఒక్కటే తెస్తాను. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల మీద కమిషన్ వేయడానికి అక్కడి ప్రభుత్వమూ మొదట ఇష్టపడలేదు. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు వెంటపడి సాధించారు. రెండు పార్టీల నుంచి ఐదుగురేసి సభ్యులు. 2004 జూలైలో నివేదిక పుస్తకాల షాపుల్లోకి వచ్చింది, నలభై ఒక్క సిఫారసులతో. నాకు నచ్చింది ఆ తర్వాతి పని. కమిషన్ గడువు తీరాక కూడా ఆ సభ్యులు కలిసి పనిచేసి, 2005 డిసెంబరులో తమ సిఫారసుల అమలు మీద ప్రభుత్వానికి మార్కులు వేశారు. కొన్నింటిలో ఫెయిల్ చేశారు. మన దగ్గర ముంబై దాడుల తర్వాత మహారాష్ట్ర వేసిన రామ్ ప్రధాన్ కమిటీ నాలుగు నెలల్లో మంచి నివేదికే ఇచ్చింది. కానీ దానికి కేంద్ర సంస్థలను ప్రశ్నించే అధికారం లేదు. సముద్రమార్గం గురించిన హెచ్చరికలు ఎక్కడ ఆగాయో తెలియాలంటే అడగాల్సింది ముఖ్యంగా వాళ్లనే.

ఇలాంటి విచారణలు పోలీసుల మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయని ఒక అభ్యంతరం ఉంది. కొంత నిజమే. నివేదిక అనగానే కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి పై ఉద్యోగిని బదిలీ చేయడం మన అలవాటు. అందుకే శిక్షల పనిని విచారణ నుంచి విడదీయాలంటున్నాను. రహస్యాలు బయటపడతాయనేది రెండో అభ్యంతరం. రెండు సంపుటాలు రాయండి. ఒకటి చట్టసభకు, ఒకటి సీలుతో హోంశాఖకు. మొదటిది రెండోదానికంటే సన్నగా ఉన్నా సరే, ఉండాలి.

2025 జనవరి 8న ఇదే ఊళ్లో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు పోతే, రెండు వారాల్లో జస్టిస్ సత్యనారాయణమూర్తి గారితో కమిషన్ వేశారు. అంటే ప్రభుత్వానికి దారి తెలుసు. జనం ఒత్తిడిలో జరిగిన చావుకు వేసిన కమిషన్, ముఖ్యమంత్రి మీదే జరిగిన దాడికి అక్కర్లేకపోయిందా?

కనుక ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. అలిపిరికి ఇరవై ఏళ్లు దాటాయి. ఆనాటి బందోబస్తు పత్రాలు ఇవాళ ఏ శత్రువుకూ పనికిరావు. తనిఖీ కేంద్రం మారింది, స్కానర్లు వచ్చాయి. ఆ పత్రాలన్నీ ఒకచోట చేర్చి, ఒక విశ్రాంత న్యాయమూర్తి చేత చదివించి, ఒక చిన్న నివేదిక రాయించమని రాష్ట్ర హోంశాఖను అడుగుదాం. ఒక ప్రతి శాసనసభకు, ఒక ప్రతి మన పక్కనే ఉన్న కల్యాణి డ్యాం పోలీసు శిక్షణ కళాశాలకు. అక్కడ శిక్షణకు చేరేవారిలో కొందరు ఆ దాడి జరిగిననాటికి పుట్టి ఉండరు, రేపు బ్రహ్మోత్సవాల బందోబస్తు చూసేది మాత్రం వాళ్లే. విన్నపం ముసాయిదా తెచ్చాను, ప్రవేశద్వారం పక్కన బల్ల మీద ఉంది. చదివి, దిద్దవలసింది దిద్ది, సంతకాలు చేయండి.