భూమి సంగతి ఎవరిని అడగాలి?

(గన్నవరంలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గేదెను కొనడానికి సంతకు వెళ్ళేటప్పుడు మనం ఒంటరిగా వెళ్ళం. పళ్ళు చూసి వయసు చెప్పగలవాణ్ణి, పొదుగు చూసి పాలు అంచనా కట్టగలవాణ్ణి వెంటబెట్టుకుని వెళతాం. దారిఖర్చు మనమే పెట్టుకుంటాం, టిఫిను పెట్టిస్తాం. గేదెను కొన్నా కొనకపోయినా ఆయనకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అందుకే, "వద్దురా, ఇది తన్నే గేదె" అని మొహం మీదే చెబుతాడు. గేదె దగ్గర ఇంత జాగ్రత్త పడే మనం, తాతల నాటి ఎకరం దగ్గరకు వచ్చేసరికి ఎవరిని అడుగుతున్నాం? మధ్యవర్తిని అడుగుతున్నాం. బేరం కుదిరితేనే ఆయనకు ఒక శాతమో రెండు శాతమో వస్తుంది. కుదరకపోతే తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా రాదు. అలాంటి మనిషిని "అమ్మమంటావా, ఉంచుకోమంటావా?" అని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు?

మధ్యవర్తులను తిట్టడానికి ఈ మాట ఎత్తలేదు. వాళ్ళలో మన బావలున్నారు, బాబాయిలున్నారు. దాళ్వా లేని ఏడు ఈ సభలో ఉన్నవాళ్ళే కొందరు ఆ పని చేశారు. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలపడం ఆయన పని. సలహా చెప్పడం వేరే పని. ఆ రెండూ ఒకరి దగ్గరే దొరుకుతాయనుకోవడంలోనే మనం దెబ్బతింటున్నాం.

భూమి, ఇళ్ళ విషయంలో సలహా ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు బయట దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నారు. అమెరికాలో 1953లో అలాంటివాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. రియల్ ఎస్టేట్ కౌన్సిలర్లు అంటారు. సలహాకు రుసుము తీసుకోవాలి గానీ అమ్మకం మీద కమీషను కాదు అన్నది వాళ్ళ పునాది ఆలోచన. బ్రిటన్‌లో చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ 1868 నుంచే ఉంది. అక్కడ రోడ్డుకో రైలుకో రైతు పొలం తీసుకుంటే, రైతు తరఫున సర్వేయరు నిలబడి పరిహారం లెక్క కట్టి వాదిస్తాడు. ఆ సర్వేయరుకయ్యే న్యాయమైన రుసుమును కూడా, భూమి తీసుకున్న సంస్థే పరిహారంలో కలిపి కట్టాలి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఇక మన ఊరి సంగతి. విమానాశ్రయం రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెరిగింది. దానికోసం ఏలూరు కాలువనే పక్కకు మళ్ళించాల్సి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది పూలింగు కింద పొలాలిచ్చారు. పొలం ఇక్కడ, బదులుగా వచ్చే ప్లాటు కృష్ణకు అవతల, అమరావతిలో! పొలం ఇస్తున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఆ ప్లాటు విలువ దేనిమీద ఆధారపడి ఉంది? రాజధాని పని ఆగితే మన గతేమిటి? ఏటా ఇచ్చే కౌలు సొమ్ము ఆలస్యమైతే ఇల్లు గడిచేదెలా? డబ్బు రూపంలో పరిహారం తీసుకుంటే ఎంత వచ్చేది? ఇవి అడగాలని మనకు చెప్పినవాడు లేడు. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చినప్పుడు అక్కడి ప్లాట్లతోపాటు ఇక్కడి మన గుండెలూ జారాయి. పొలం ఇవ్వడం తప్పని అనడం లేదు. ఇచ్చిన వాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ లాభం వచ్చినా నష్టం వచ్చినా అది మనం లెక్క చూసుకుని ఎంచుకున్నది కాదు. నలుగురూ సంతకం పెడుతున్నారని పెట్టాం.

రాజధాని గ్రామాల్లోనూ ఇంతే. 2015 నాటి నిబంధనల్లో ఎకరానికి మెట్టకైతే 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకైతే 1,000, 450. ఈ అంకెలు అందరికీ నోటికి వచ్చు. 9.14 ఒప్పందం అంటే, రద్దు చేసుకోవడానికి వీల్లేని జి.పి.ఎ.తో కలిసిన అభివృద్ధి ఒప్పందం అన్న సంగతి మాత్రం సంతకానికి ముందు ఎంతమంది చదివారు?

బిల్డరుతో చేసుకునే డెవలప్‌మెంట్ ఒప్పందాల్లోనూ ఇదే తంతు. వాటా సగమా, నలభయ్యా అని రాత్రంతా పోట్లాడతాం. బిల్డరు మూడేళ్ళలో కట్టకపోతే ఏమిటి, మన భూమి బ్యాంకులో తాకట్టు పెట్టుకోనిచ్చామా, జి.పి.ఎ. వెనక్కి తీసుకునే దారి ఉందా అన్న పేజీలను మాత్రం టీ తాగుతూ తిప్పేస్తాం.

భూసేకరణ వస్తే సలహాదారు అవసరం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ గడువులున్నాయి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషను వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. అదే జాతీయ రహదారుల చట్టం కిందయితే 21 రోజులే. బైపాస్ చూశాం, ఇప్పుడు అవుటర్ రింగు రోడ్డు మాట వింటున్నాం. పేపరులో సర్వే నంబర్లు పడినరోజు మనం నాట్ల హడావుడిలో ఉంటే, తెలుసుకునేసరికే గడువు దాటిపోతుంది. 2013 చట్టం కింద అవార్డు ఇచ్చేటప్పుడు మనం అక్కడుంటే, పరిహారం చాలదని పై అథారిటీకి పంపమని కోరడానికి ఆరు వారాలే గడువు. రహదారి కేసుల్లో ఆర్బిట్రేటరు దగ్గరకు వెళ్ళాలి. ఏ కాగితం ఏ చట్టం కింద వచ్చిందో తెలియకపోతే తప్పు తలుపు తట్టి కూర్చుంటాం.

లెక్క సంగతి కూడా చూడండి. చట్టం ప్రకారం మార్కెట్ విలువకు రిజిస్ట్రేషను విలువ ఒక కొలత. చుట్టుపక్కల జరిగిన అమ్మకాల సగటు ఇంకో కొలత. ఏది ఎక్కువైతే అది. ఆ సగటు అన్ని దస్తావేజులదీ కాదు. గత మూడేళ్ళ దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం వాటిదే. ఉదాహరణకు పది దస్తావేజులు ఎకరానికి 20, 22, 25, 30, 35, 40, 45, 50, 55, 60 లక్షలకు ఉన్నాయనుకోండి. పదింటి సగటు 38 లక్షల 20 వేలు. పైనున్న ఐదింటి సగటు 50 లక్షలు. దానిమీద నూటికి నూరు సొలేషియం కలిస్తే, ఈ ఒక్క మెలిక దగ్గరే ఎకరానికి 23 లక్షల 60 వేల తేడా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఆ దస్తావేజుల నకళ్ళు తీసి, ఏవి మన పొలంలాంటివో చూపించగలిగినవాడు మనకు కావాలి. అయితే ఆ దస్తావేజుల్లో తక్కువ ధర రాయించిందీ మనమే. స్టాంపు ఖర్చు మిగిలిందని ఆనాడు సంతోషపడ్డాం. ఆ తక్కువ అంకే ఇప్పుడు మన పరిహారాన్ని కిందికి లాగుతోంది. ఇది మనలో మనం ఒప్పుకోవాల్సిన మాట.

కౌలు రైతును ఇక్కడ మరిచిపోకూడదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో ఉంటూ, ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారునీ కూలీనీ 2013 చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. ఆ సాగుకు కాగితం ఏదీ? యజమాని కౌలు కార్డుకు ఒప్పుకోడు, కార్డు లేకపోతే లెక్కలోకి రాడు. భూయజమానికి సలహా చెప్పేవాడు ఈ ముక్క చెప్పడు. కాబట్టి మన సంఘమే చెప్పాలి.

మన దేశంలో ఇలాంటి సలహాదారులున్నారా? 2017 నిబంధనల కింద రిజిస్టరైన వాల్యూయర్లున్నారు. వాళ్ళు విలువ కట్టి ఇస్తారు, ఏం చేయాలో చెప్పడం వాళ్ళ పని కాదు. 2016 రెరా చట్టం ఏజెంట్ల రిజిస్ట్రేషను తెచ్చింది గానీ, అది ఆ చట్టం కిందికి వచ్చే వెంచర్లు, అపార్టుమెంట్ల అమ్మకాలకే. పొలం బేరాలు ఆ గొడుగు కిందికి రావు. లాయరు దస్తావేజు చూస్తాడు, సర్వేయరు గొలుసు లాగుతాడు, ఆడిటరు పన్ను చూస్తాడు. ఈ ముగ్గురి మాటా ఒకచోట కూర్చి, "మీకు ఇంత అప్పుంది, ఇద్దరు పిల్లలున్నారు, నీళ్ళు పారే పొలం ఇది, ఉంచుకుంటే ఇలా, అమ్మితే ఇలా, డెవలప్‌మెంటుకిస్తే ఇలా" అని రాసిచ్చే మనిషే లేడు.

అందుకని మేము కార్యవర్గంలో కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. ఒక లాయరు, ఒక వాల్యూయరు, సర్వే శాఖలో పనిచేసి రిటైరైన ఒకరు కలిసి నెలకొకసారి సంఘం ఆఫీసులో కూర్చోవాలి. రుసుము ముందే చెప్పాలి, రసీదు ఇవ్వాలి, సలహా కాగితం మీద ఉండాలి. కొనేవాడి నుంచి గానీ బిల్డరు నుంచి గానీ ఒక్క రూపాయి ముట్టకూడదు. ఇదే షరతు సంఘం నాయకులకూ వర్తించాలి. భూమి బేరంలో కమీషను తీసుకున్నవాళ్ళెవరూ కార్యవర్గంలో కొనసాగకూడదు. ఈ మాట మీద మాలో మాకే వాదన జరిగింది. ఇంకా జరుగుతుంది కూడా. ఇవాళ మీ ముందు పెడుతున్నాం, చేతులెత్తి మీరే తేల్చండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. భూమి తీసుకునే సంస్థకు లాయర్లున్నారు, ఇంజనీర్లున్నారు, వాళ్ళ జీతాలు మన పన్నుల్లోంచే పోతాయి. బ్రిటన్‌లో మాదిరిగా రైతు పెట్టుకున్న సలహాదారు రుసుము కూడా పరిహారంలో భాగం కావాలి. ఈ కోరికతో కలెక్టరు గారికి ఇచ్చే అర్జీ సిద్ధంగా ఉంది, వెళ్ళేముందు సంతకాలు పెట్టండి.

వచ్చే నెల సమావేశానికి పాస్‌బుక్కు, అడంగలు, 1-బి, ఈ.సి., ఒప్పందం ఏదైనా ఉంటే దాని నకలు తెచ్చుకోండి. ఒరిజినళ్ళు ఇంట్లోనే ఉంచండి. ఎవరైనా అడ్వాన్సు ఇస్తామని ఈలోపు తొందరపెడుతుంటే, నెల ఆగమని చెప్పండి.