చీకటిని చూపు రెండు గ్రంథములు



పగలంతయు కార్యాలయమున కాగితములతో సతమతమై, సాయంకాలము కిక్కిరిసిన బస్సులో ఇల్లు చేరు ఉద్యోగికి పుస్తకము కొంత ఉల్లాసము నీయవలెను గాని దుఃఖమును పెంచుట ఎందులకు? ఈ ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును. అయినను దుఃఖకథను కోరి వినుట తెలుగువారికి క్రొత్త గాదు. కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును చదివినవారును, 1963లో వెలువడిన లవకుశ చలనచిత్రమును చూచినవారును సీత కొరకు కన్నీరు కార్చిరి. చెర వీడి వచ్చిన స్త్రీని లోకము మరల శంకించుటయే ఆ కథలోని అసలు చీకటి.

1947లో దేశవిభజన కాలమున అదే చీకటి పంజాబును కమ్మెను. ఇరువైపుల కలిపి సుమారు 75,000 మంది స్త్రీలు అపహరింపబడిరని అంచనా. ఢిల్లీలోని లజ్‌పత్ నగర్, రాజిందర్ నగర్ నాడు శరణార్థుల కొరకు వెలసిన కాలనీలే. ఆ పరిసరములలో కాపురముండు తెలుగు ఉద్యోగికి ఈ విషయమును గూర్చిన రెండు గ్రంథములు పరాయివి గావు.

మొదటిది అమృతా ప్రీతమ్ 1950లో పంజాబీ భాషలో ప్రకటించిన ‘పింజర్’ నవల. పింజర్ అనగా అస్థిపంజరము. కుటుంబముల నడుమ నున్న పాత వైరము కారణముగా రషీదు అనువాడు పూరో అను కన్యను అపహరించును. ఒకనాటి రాత్రి ఆమె తప్పించుకొని పుట్టింటికి రాగా, తలిదండ్రులు ఆమెను స్వీకరింపజాలకపోవుదురు. విభజన సమయమున ఆమె తన సోదరుని భార్యను కాపాడి స్వజనుల కప్పగించును. తాను మాత్రము రషీదు వద్దనే నిలిచిపోవును. అపహర్త అంత సులభముగా మంచివాడగుట ఈ నవలలోని లోపముగా తోచును. కాని తుది నిర్ణయమును రచయిత్రి పూరో చేతనే చేయించినది. ఇదియే దాని బలము.

రెండవది ఊర్వశీ బుటాలియా 1998లో ఆంగ్లమున ప్రకటించిన ‘ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్’. ఇది కల్పన గాదు. బ్రతికి బయటపడినవారిని కలిసికొని, వారి మాటలను ప్రభుత్వ పత్రముల ప్రక్కన నిలిపిన గ్రంథము. అపహృతులను వెదకి తెచ్చుటకు భారత ప్రభుత్వము 1949లో శాసనము చేసెను. అది 1957 వరకు అమలులో నుండెను. ఇరుదేశములలో కలిపి సుమారు 30,000 మంది స్త్రీలను అధికారులు వెదకి తెచ్చిరి. ఎందరికో అది విముక్తి. కాని ఏ దేశమున నుండవలెనో నిర్ణయించుకొను హక్కును ఆ శాసనము స్త్రీకి ఈయలేదు. సందేహము కలిగినచో ట్రిబ్యునలు తేల్చును. పోనని ఏడ్చినవారును పంపబడిరి.

రక్తపాతమును వర్ణించి పాఠకుని జడిపించు గ్రంథములు కలవు. అట్టివి మూసిన వెంటనే మరపునకు వచ్చును. బాధపడినవారికి మాట నిచ్చునవి కొన్నియే. ఈ రెండును అట్టివి. శాసనము అడుగని ప్రశ్నను నవల 1950లోనే అడిగినది. చరిత్ర గ్రంథము లెక్కలు చెప్పి, ఆ లెక్కల వెనుకనున్న మనుష్యులను చూపినది.

సదుద్దేశముతో చేసిన శాసనమైనను, శ్రద్ధతో అమలు జరుపు ఉద్యోగియైనను, ఎదుటి మనిషి ఇష్టమేమో అడుగ మరచుట సాధ్యమే. కాగితములతో బ్రతుకు ఉద్యోగి ఈ గ్రంథములను చదువవలసినది ఇందుకే. మరునాడు బల్లమీదికి వచ్చిన ఫైలులో ఒక పేరు కనబడినప్పుడు, ఆ పేరు గలవారు కోరినదేమో ఆ కాగితములలో ఎక్కడనైన నున్నదా యని ఒక్కమారు వెదకి చూచినచో, ఆ చదువు వృథా కాదు.