కొల్లేటి నుంచి పాపికొండల దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన వాట్సాప్ గ్రూపులో ఈమధ్య జపాన్ కొండల ఫొటోలు ఎక్కువయ్యాయి. అక్కడ కమికోచి అని ఒక లోయ ఉంది. సొంత కారు రానివ్వరు. కింద ఆపి బస్సో టాక్సీయో ఎక్కాలి. చలికాలం మొత్తం దారి మూసేస్తారు. తప్పకుండా చూసి రండి. కానీ ఏలూరులో పుట్టి పాపికొండలు చూడనివాళ్ళు, కొల్లేటిని కైకలూరు రైల్లోంచి మాత్రమే చూసినవాళ్ళు చేతులెత్తమంటే ఈ సభలో చాలా చేతులే లేస్తాయి.

2022లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాక కొల్లేరూ, బుట్టాయగూడెం కొండలూ ఒకే జిల్లాలోకొచ్చాయి. రెండు చోట్లా అసలు కథ నీటిమట్టానిదే. కొల్లేట్లో నీటికి చోటు తగ్గుతోంది, గోదావరి కొండల్లో నీరు పైకొస్తోంది. అందుకే చూడాలనుకునేవాళ్ళు వాయిదా వేయొద్దంటున్నాను.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళన్నీ కొల్లేట్లోకే. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. లంక గ్రామాలవాళ్ళు 'చెరువు పోతే మా బతుకేంటి?' అంటే ఫొటోలు తీసుకుని వచ్చే మన దగ్గర జవాబు లేదు. అలాగని గట్టు కట్టినచోట వరద నిలవదు కదా! 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరాల్సింది ఇక్కడికే.

ఆటపాకలో గూడబాతులను చూడండి. చెట్లు చాలక అటవీశాఖ వేసిన ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్ళు పెట్టుకుంటాయి. అంత బరువైన పక్షి అంత తేలిగ్గా నీళ్ళమీద వాలడం చూస్తే పిల్లలు ఫోను పక్కన పెడతారు. పెద్దలకు హామీ ఇవ్వలేను. అక్కణ్ణుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్ళొచ్చు.

పాపికొండలకు వేరే రోజు పెట్టుకోవాలి. గోదావరి అంతటి నది రెండు కొండల మధ్య ఇరుక్కుని పోతుంది. మలుపు తిరిగేదాకా ముందు దారి ఉన్నట్టే కనబడదు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కొండలు మునగవు. వాటి పాదాలు, ఇసుకతిన్నెలు, ఒడ్డునున్న ఊళ్ళు మునుగుతాయి. లేచిపోయిన ఊళ్ళలో కొండరెడ్లవి చాలా ఉన్నాయి. బోటులో పాటలు పెట్టినప్పుడు ఆ సంగతి గుర్తుంటే చాలు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మరిచిపోయి లైఫ్ జాకెట్ విప్పి సెల్ఫీ తీసుకునేవాళ్ళను మాత్రం నేను ఊరుకోను.

డిసెంబరులో మన బ్యాచీలన్నీ కలిసి వెళ్దామని ఒక ఆలోచన. కమికోచి పద్ధతే పెట్టుకుందాం: కార్లు బడి ఆవరణలో వదిలేసి అందరూ బస్సుల్లోనే. తెల్లవారక ముందే బయల్దేరాలి. మాస్టార్లకు ముందు సీట్లు. రాదలచినవాళ్ళు భోజనాల దగ్గర పేరు రాయించండి.